రమ్మని పిలిచి తోసివేసే మనసు



"ఫాదర్ గారూ, మా ఆవిడకు నేను కావాలా, అక్కరలేదా? ఆ ఒక్క మాట అడిగి చెప్పండి."

కొన్ని సంవత్సరాల క్రితం ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి అడిగిన ప్రశ్న ఇది. ఆ దంపతులను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చి, వారి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. ఆయన వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ ప్రతి శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి వచ్చేవాడు. వారమంతా ఆమె ఫోను చేసి "ఎప్పుడు వస్తావు? ఎప్పుడు వస్తావు?" అని అడిగేది. తీరా శనివారం ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. గిన్నెలు విసురుగా పెట్టేది. రాత్రికి ఏదో ఒక చిన్న మాట మీద పెద్ద గొడవ. ఆదివారం సాయంత్రం ఆయన సంచి సర్దుకుంటుంటే మాత్రం కన్నీరు మున్నీరుగా ఏడ్చేది. పెండ్లయి మూడేళ్ళయినా ఇదే వరస.

నేను ఆమెను పిలిపించి, "మొండితనం మానుకో అమ్మా, అంత దూరం నుంచి వచ్చే మనిషిని నవ్వుతూ పలకరించలేవా?" అని మందలించాను. ఆమె సమాధానం చెప్పలేదు. బిగుసుకుపోయి గోడవైపు చూస్తూ కూర్చుంది. పిలిచినా పలకలేదు. అది అహంకారం అనుకున్నాను. నేను పొరబడ్డానని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ పొరపాటు ఇంకెవరూ చేయకూడదనే ఈ వారం ఈ పాఠం రాస్తున్నాను.

అనుబంధం అంటే ఏమిటి?

పసిబిడ్డ తల్లిని అంటిపెట్టుకోవడం పాల కోసమేనని ఒకప్పుడు పండితులు సైతం అనుకున్నారు. అది చాలదని చెప్పినవాడు ఇంగ్లాండుకు చెందిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907-1990). తల్లికి దూరమైన పిల్లల మానసిక స్థితిపై ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక 1951లో వెలువడింది. బిడ్డకు ఆకలి ఎంత సహజమో, భయం వేసినప్పుడు తనకంటే బలమైన ఒక మనిషిని ఆశ్రయించడం కూడా అంతే సహజమని ఆయన వివరించాడు. కోడిపిల్ల గద్దను చూసి తల్లి రెక్కల కిందికి పరుగెత్తినట్టే మనిషి బిడ్డ కూడా భయం కలగగానే తన మనిషి దగ్గరకు పరుగెత్తుతాడు. భయం తీరాక మళ్ళీ ఆటకు వెళతాడు. ఈ ఏర్పాటునే అనుబంధం అంటున్నాము.

బౌల్బీ భావాన్ని ఇండ్లలోకి వెళ్ళి పరిశీలించిన విదుషి మేరీ ఐన్స్‌వర్త్ (1913-1999). ఆమె 1954-55 సంవత్సరాలలో ఆఫ్రికాలోని ఉగాండాలో 26 కుటుంబాల తల్లులను, బిడ్డలను పరిశీలించింది. తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పరీక్షను రూపొందించింది. ఏడాది నిండిన బిడ్డను, తల్లిని బొమ్మలున్న గదిలో కూర్చోబెడతారు. ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి రెండుసార్లు కొద్ది నిమిషాల పాటు బయటకు వెళ్ళి తిరిగి వస్తుంది. మొత్తం సుమారు 20 నిమిషాల పని. తల్లి వెళ్ళినప్పుడు బిడ్డ ఏడ్చాడా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. తల్లి తిరిగి వచ్చిన క్షణంలో బిడ్డ ఏమి చేశాడన్నదే ముఖ్యం.

కొందరు పిల్లలు తల్లి దగ్గరకు వెళ్ళి, ఎత్తించుకుని, ఊరట పొంది మళ్ళీ ఆడుకున్నారు. వీరిది భద్రమైన అనుబంధం. కొందరు తల్లి వచ్చినా పట్టనట్టు బొమ్మల మీదే చూపు నిలిపారు. ఏడిస్తే అమ్మకు నచ్చదని నేర్చుకున్న పిల్లలు వీరు. పైకి నిబ్బరంగా ఉన్నా లోపల గుండె వేగంగా కొట్టుకుంటూనే ఉంటుందని తరువాతి పరిశోధనల్లో తేలింది. మరికొందరు తల్లిని పట్టుకుని వదలకుండా ఏడ్చారు, ఎత్తుకుంటే కాళ్ళతో తన్నారు. వీరిది ఎంత ఏడిస్తే అంత దక్కుతుందన్న లెక్క. చివరి రెండు రకాలు భద్రమైనవి కాకపోయినా వాటికీ ఒక పద్ధతి ఉంది. తనకు దొరికిన తల్లితో ఎలా నెగ్గుకురావాలో ఆ బిడ్డకు తెలుసు.

ఏ లెక్కకూ అందని పిల్లలు

అయితే ఈ మూడింటిలో ఎక్కడా ఇమడని పిల్లలు మిగిలిపోయారు. ఐన్స్‌వర్త్ శిష్యురాలు మేరీ మెయిన్, ఆమె సహచరి జుడిత్ సోలమన్ కాలిఫోర్నియాలో అలాంటి సుమారు 200 వీడియో టేపులను ముందు పెట్టుకుని చూశారు. తల్లి తలుపు తీసుకుని రాగానే ఒక బిడ్డ లేచి నాలుగు అడుగులు వేసి, చేయి గాలిలో ఉండగానే కొయ్యబారిపోతుంది. ఒకడు తల్లి వైపే వస్తాడు, కాని తల పక్కకు తిప్పుకుని, లేదా వెనక్కి నడుచుకుంటూ వస్తాడు. ఒకడు నవ్వుతూ ఎదురువచ్చి హఠాత్తుగా నోటికి చేయి అడ్డం పెట్టుకుంటాడు. ఒకడు తల్లి దాకా వచ్చి నేలమీద బోర్లా పడిపోతాడు. దగ్గరకు రావడం, పారిపోవడం రెండూ ఒకే క్షణంలో జరుగుతున్నాయన్నమాట.

1986లోను, మరింత వివరంగా 1990లోను వారు ఈ నాలుగో రకాన్ని వర్ణించారు. ఆంగ్లంలో దీనిని డిసార్గనైజ్డ్ అటాచ్‌మెంట్ అంటారు. మనం చెదిరిన అనుబంధం అనుకుందాం. ఇది ఎక్కడో అరుదుగా ఉండే సంగతి కాదు. అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ 1999లో కలిపి చూసినప్పుడు, మధ్యతరగతి మామూలు కుటుంబాల్లో సైతం నూటికి సుమారు 15 మంది పిల్లల్లో ఇది కనబడింది. దెబ్బలు తినే పిల్లల్లో, పట్టించుకునేవారు లేని పిల్లల్లో ఇంకా చాలా ఎక్కువ.

పరిష్కారం లేని భయం

ఎందుకు ఇలా జరుగుతుంది? తత్త్వశాస్త్రం చదువుకునే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన ఒక సూత్రాన్ని మాకు మొదట్లోనే నేర్పారు. ఒకే వస్తువు, ఒకే సమయంలో, ఒకే విధంగా, ఉన్నదీ లేనిదీ కాజాలదు. తర్కమంతటికీ అది పునాది. కాని ఈ పసిబిడ్డల బ్రతుకు చూడండి. భయం వేస్తే అమ్మ దగ్గరకో, నాన్న దగ్గరకో పరుగెత్తమని ప్రకృతి చెబుతుంది. ఆ భయం కలిగిస్తున్నది అమ్మో నాన్నో అయితే? దూరంగా పారిపోమని కూడా అదే ప్రకృతి చెబుతుంది. ఆశ్రయమూ, ప్రమాదమూ ఒకే మనిషి. కంచే చేను మేస్తే కాపాడేదెవరని మన పెద్దలు ఊరకే అనలేదు. పెద్దవాళ్ళం మనమైతే ఇల్లు విడిచి వెళ్ళగలం, ఎవరికైనా చెప్పుకోగలం. ఏడాది బిడ్డకు ఆ రెండూ లేవు. అందుకే చేయి గాలిలో ఆగిపోతుంది. ఇది పరిష్కారం లేని భయమని మేరీ మెయిన్, ఎరిక్ హెస్సె 1990లో వివరించారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. బిడ్డను భయపెట్టేది దెబ్బలే కానక్కరలేదు. తల్లే భయంతో వణికిపోతుంటే ఆ ముఖం చూసి బిడ్డ భయపడుతుంది. తన తల్లినో, తండ్రినో, కన్నబిడ్డనో పోగొట్టుకుని, ఆ దుఃఖం లోపల గడ్డకట్టుకుపోయిన తల్లి ఉందనుకోండి. బిడ్డను ఒడిలో పెట్టుకునే ఆమె ఒక్కొక్కసారి ఎక్కడికో వెళ్ళిపోతుంది. కండ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం ఉండదు. ఆ కొన్ని క్షణాలు బిడ్డకు భయంకరం. ఆమె బిడ్డను కొట్టలేదు, తిట్టలేదు, ఎంతో ప్రేమగా పెంచుతున్నది. తీరని శోకమున్న తల్లుల బిడ్డల్లో చెదిరిన అనుబంధం ఎక్కువగా కనబడటానికి కారణం ఇదేనని మెయిన్, హెస్సె భావించారు. కాబట్టి "తల్లిదే తప్పు" అని తీర్పు చెప్పడానికి ఈ పాఠం పనికిరాదు. తల్లిని కొట్టే భర్త ఉన్న ఇంట్లో తల్లీ బిడ్డా ఇద్దరూ భయపడుతున్నవారే.

బిడ్డ పెరిగే కొద్దీ

మెయిన్, ఆమె సహచరులు ఈ పిల్లలను ఆరేళ్ళ వయసులో మళ్ళీ చూశారు. చాలామంది కొయ్యబారిపోవడం మానేసి, ఇంటి పగ్గాలు తమ చేతికి తీసుకున్నారు. కొందరు తల్లి మీద పెత్తనం చేశారు, కసిరారు, ఆజ్ఞలు ఇచ్చారు. కొందరు తల్లికే తల్లి అయ్యారు. ఆమె ముఖంలో మబ్బు కనబడగానే నవ్వించడం, ఓదార్చడం, పనులు అందుకోవడం మొదలుపెట్టారు. రెండింటిలోనూ మూలం ఒకటే. పెద్దవాళ్ళను నమ్ముకునే వీలు లేనప్పుడు వాళ్ళను తానే నడిపించుకోవాలి.

మొదటి రకం పిల్లవాడిని మనం రౌడీ అంటాం. రెండో రకం పిల్లను "ఎంత బుద్ధిమంతురాలు, పెద్దమనిషి తరహా" అని మెచ్చుకుంటాం. తాగివచ్చిన తండ్రికి అన్నం పెట్టి, ఏడుస్తున్న తల్లి కన్నీరు తుడిచి, తమ్ముడిని నిద్రపుచ్చే ఎనిమిదేళ్ళ పిల్ల మన వీధుల్లో లేదా? ఆమెను మెచ్చుకునే ముందు, ఆమెకు ఎవరు అన్నం పెడుతున్నారో, ఆమె కన్నీరు ఎవరు తుడుస్తున్నారో ఒక్కసారి అడగండి.

అమెరికాలోని మిన్నెసోటాలో 1975లో మొదలైన ఒక దీర్ఘకాల పరిశోధనలో కొందరు పిల్లలను పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. పసితనంలో చెదిరిన అనుబంధం ఉన్నవారిలో, యౌవనంలో మనసు ఉన్నచోట ఉండకుండా తెగిపోయినట్టు అయ్యే లక్షణాలు ఎక్కువగా కనబడ్డాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మొద్దుబారిపోవడం, ఏమి జరిగిందో గుర్తులేకపోవడం అలాంటివే. నా ముందు గోడవైపు చూస్తూ కూర్చున్న ఆ ఇల్లాలు గుర్తుకు వస్తున్నదా?

దాంపత్యంలో

పెద్దవాళ్ళ అనుబంధాల పరిశోధన మరో దారిలో సాగింది. కెనడాకు చెందిన కిమ్ బార్తలోమ్యూ 1991లో, దగ్గరితనం కోరుకుంటూనే దానికి భయపడే ఒక రకాన్ని వర్ణించింది. ఆ మనిషికీ, పరీక్షగదిలో కొయ్యబారిన బిడ్డకూ పోలిక ఉన్నా, రెండూ ఒకటేనని తేల్చి చెప్పకూడదు. పసితనంలో అలా ఉన్న ప్రతి బిడ్డా పెద్దయ్యాక ఇలా అవుతాడని లేదు. అయినా లోపలి ముడి ఒకే రకమైనది. నాకు నువ్వు కావాలి, నువ్వంటేనే నాకు భయం.

ఇలాంటి మనిషి దూరంగా ఉన్నప్పుడు ప్రాణం పెడతాడు, దగ్గరకు వస్తే తప్పులు వెదుకుతాడు. ప్రేమగా మాట్లాడితే "దీని వెనక ఏముందో" అని అనుమానిస్తాడు. విడిచిపెట్టేస్తారన్న భయంతో తానే ముందుగా గొడవ పెట్టుకుంటాడు. ఒక్కొక్కసారి చిన్న మాటకు అంతులేని కోపం, ఒక్కొక్కసారి రోజుల తరబడి మౌనం. భాగస్వామికి ఏమి చేయాలో పాలుపోదు. దగ్గరకు వెళితే తోపు, దూరంగా ఉంటే నింద. చివరకు ఇద్దరూ అలసిపోతారు. చుట్టాలు "పొగరు" అంటారు, "గయ్యాళి" అంటారు. నాబోటి వాళ్ళం "మొండితనం" అంటాం.

ఆ ఇల్లాలి కథ నాకు తరువాత తెలిసింది. ఆమె తండ్రి కూలిడబ్బులు తీసుకుని శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడట. ఒక వారం మిఠాయి పొట్లం తెచ్చి పిల్లలను భుజాన ఎక్కించుకునేవాడు. మరో వారం తాగివచ్చి తల్లిని, పిల్లలను చేతికందిన దానితో కొట్టేవాడు. వీధి మలుపులో సైకిలు బెల్లు వినబడగానే ఎదురు పరుగెత్తాలో, మంచం కింద దాక్కోవాలో తెలిసేది కాదట. "ఇప్పటికీ శనివారం సాయంత్రం వీధి తలుపు చప్పుడైతే నా కాళ్ళు ఆడవు ఫాదర్ గారూ. ఆయన మంచివాడని నాకు తెలుసు. నా కాళ్ళకు తెలియదు" అన్నది ఆమె.

నా మందలింపు ఆమెకు ఎలా వినబడి ఉంటుందో అప్పుడు అర్థమైంది. ఆశ్రయం కోసం వచ్చిన చోట మరొక పెద్దమనిషి గద్దింపు. నేను ఆమెను క్షమాపణ అడిగాను.

రెండు హెచ్చరికలు

మొదటిది. ఈ పాఠం చదివి ఇంట్లోవాళ్ళకు పేర్లు పెట్టకండి. పసిబిడ్డ ఒకరోజు విచిత్రంగా ప్రవర్తించినంత మాత్రాన ఆ ఇంట్లో హింస ఉందని అనుకోరాదు. 2017లో ఈ రంగంలోని పలువురు పరిశోధకులు కలిసి ఇదే హెచ్చరిక చేశారు. ఆ పరీక్ష గుంపుల గురించి చెప్పగలదు గాని ఒక్కొక్క కుటుంబం మీద తీర్పు చెప్పడానికి సాధనం కాదు.

రెండవది. అర్థం చేసుకోవడం వేరు, సహించి ఊరుకోవడం వేరు. "పాపం, అతడు చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు" అన్నది భార్యను కొట్టడానికి అనుమతిపత్రం కాదు. గాయపడ్డ మనిషి మీద జాలి ఉండాలి, ఆ చేతిని ఆపడమూ ఉండాలి. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. ప్రాణభయం ఉన్న ఇంట్లో మొదట కావలసింది భద్రత. మిగిలిన మాటలన్నీ ఆ తరువాతే.

మార్పు సాధ్యమేనా?

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ విషయంలో ఆ సామెత పూర్తిగా నిజం కాదు. మూడు సంగతులు చెబుతాను.

ఒకటి, అనుబంధం ఒక్కొక్క మనిషితో ఒక్కొక్క విధంగా ఏర్పడుతుంది. ఒకరి దగ్గర కొయ్యబారిన బిడ్డ మరొకరి దగ్గర నిశ్చింతగా ఉండగలడు. అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో, ఒక మంచి టీచరో ఆ బిడ్డకు ఎప్పుడూ ఒకే తీరుగా కనబడే మనిషి అయితే అది చిన్న సంగతి కాదు.

రెండు, తల్లిదండ్రులు నేర్చుకోగలరు. అమెరికాలో మేరీ డోజియర్ బృందం హింసకు, నిర్లక్ష్యానికి గురయ్యే ప్రమాదమున్న 120 మంది పిల్లల కుటుంబాలతో పనిచేసి 2012లో ఫలితాలు ప్రకటించింది. ఇంటికి వెళ్ళి పదిసార్లు కూర్చుని, బిడ్డ ఏడ్చినప్పుడు ఎలా ఓదార్చాలి, బిడ్డను భయపెట్టే చేష్టలు ఎలా మానుకోవాలి అన్నవి నేర్పారు. అలా నేర్చుకున్న కుటుంబాల పిల్లల్లో చెదిరిన అనుబంధం నూటికి 32 మందిలో కనబడగా, వేరే రకం శిక్షణ పొందిన కుటుంబాల్లో నూటికి 57 మందిలో కనబడింది. పదిసార్లు కూర్చుని మాట్లాడినందుకు ఇంత తేడా!

మూడు, జరిగినదాన్ని మార్చలేము గాని దానిని చెప్పుకునే తీరును మార్చగలము. లండన్‌లో గర్భిణులను వారి బాల్యం గురించి అడిగి, పుట్టిన బిడ్డలను ఏడాది నిండాక పరీక్షించారు. 1991లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం, తల్లి తన కథ చెప్పిన తీరును బట్టి బిడ్డ అనుబంధం భద్రమైనదా కాదా అన్నది నూటికి సుమారు 75 సార్లు ముందే ఊహించగలిగారు. లెక్కలోకి వచ్చింది బాల్యంలోని కష్టసుఖాలు కాదు. ఉన్నది దాచకుండా, అందులో మునిగిపోకుండా, తన కథను ముందువెనకలు తెలిసేలా చెప్పగలిగిందా అన్నదే. కష్టమైన బాల్యం గడిపి కూడా అలా చెప్పగలిగినవారు ఉన్నారు. నమ్మదగిన భాగస్వామి, ఓపికగా వినే సలహాదారు అందుకు తోడ్పడతారు.

ఇంట్లో ఏమి చేయగలం?

పిల్లలకు "వదిలేసి పోతాను", "అమ్మేస్తాను", "నేను చచ్చిపోతాను" అని చెప్పడం మానుదాం. మనకు అది ఊతపదం, బిడ్డకు అది నిజం. బౌల్బీ తన గ్రంథంలో ఇలాంటి బెదిరింపుల గురించి ప్రత్యేకంగా రాశాడు.

కోపంలో బిడ్డను భయపెట్టామనుకోండి, అలాగే వదిలేయవద్దు. కోపం చల్లారాక దగ్గర కూర్చుని, "నాన్న గట్టిగా అరిచాడు, నువ్వు భయపడ్డావు, తప్పు నాదే" అని చెప్పండి. పిల్లల ముందు మన గౌరవం తగ్గదు. భయం తరువాత ఊరట ఉంటుందని బిడ్డ నేర్చుకుంటుంది.

దంపతులు గొడవ మధ్యలో తలుపు విసిరేసి వెళ్ళకండి. "ఇప్పుడు మాట్లాడలేను, అరగంటలో వస్తాను" అని చెప్పి వెళ్ళండి, అరగంటలో రండి. చెప్పిన మాట నిలబెట్టుకోవడమే ఇక్కడ మందు. ఒకసారి కాదు, వందసార్లు.

భాగస్వామి బిగుసుకుపోయినప్పుడు "ఏమిటి నీ పొగరు?" అనే ప్రశ్నకు బదులు "భయంగా ఉందా?" అని అడగండి. ఎదుటివారు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. మీ గొంతు మారుతుంది, అది చాలు.

బరువు మోయలేననిపిస్తే మానసిక వైద్యులను, శిక్షణ పొందిన సలహాదారులను కలవడానికి సిగ్గుపడకండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ దంపతులు ఒక సలహాదారు దగ్గరకు చాలా నెలలు వెళ్ళారు. ఆయన ఒక చిన్న అలవాటు చేసుకున్నాడు. బస్సు దిగగానే ఫోను చేసి, "వచ్చాను, పదిహేను నిమిషాల్లో ఇంటి దగ్గర ఉంటాను" అంటాడు. వీధి తలుపు దగ్గర ఆమె పేరు పెట్టి పిలుస్తాడు. వెంటనే లోపలికి వెళ్ళకుండా అరుగు మీద కూర్చుంటాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చేదాకా ఆగుతాడు. మొదట్లో అరగంట పట్టేదట. ఇప్పుడు కూడా కొన్ని శనివారాలు గిన్నెలు మోగుతాయి. కాని పోయిన పండుగకు కలిసినప్పుడు ఆయన నవ్వుతూ, "ఇప్పుడు నీళ్ళు నాకంటే ముందే అరుగు మీదికి వస్తున్నాయి ఫాదర్ గారూ" అన్నాడు.

కుటుంబమంతా కూర్చుని ఆలోచించండి:

1. మన ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు వింటే పిల్లలు ఎదురు వస్తారు? ఎవరి చప్పుడు వింటే మౌనమైపోతారు?

2. మనం "పొగరు" అనో "మొండితనం" అనో పేరు పెట్టినదాని వెనక భయం ఉందేమో ఎప్పుడైనా అడిగామా?

3. మన వీధిలో వయసుకు మించిన బరువు మోస్తున్న పిల్లలెవరు? వారికి మనం ఎప్పుడూ ఒకే తీరుగా కనబడే ఒక పెద్ద దిక్కు కాగలమా?